ఆఖరి పీరియడ్‌లో మాత్రం పాట పెట్టకు

బిడ్డా,

నువ్వు కస్తూర్బా హాస్టల్ బడిలో ఆడపిల్లలకు పాటలు వినిపించి, వాళ్ల జ్ఞాపకాలు రాయిస్తావట అని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఇట్లాంటి ఆలోచన ఒకరికైనా వచ్చిందని మురిసిపోయా, ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. పెద్దమ్మ చాదస్తం అనుకుంటే అనుకో, కానీ మొత్తం చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకో, స్పీకర్ చార్జింగ్ చూసుకో. ప్రతి పాటా చివరి చరణం దాకా నువ్వు విన్నాకే క్లాసులో పెట్టు, డీజే పాటల్లో రెండో చరణంలో ఏముంటదో చెప్పలేం.

ఇక నా టెన్షన్ అంతా నీకిచ్చిన టైం గురించే. శనివారం ఆఖరి పీరియడా? ఎవరిచ్చారమ్మా ఆ టైం? మామూలు బడి పిల్లయితే గుండె బరువెక్కినా సాయంత్రం ఇంటికి పోయి ఎవరి ఒళ్లోనో పడుకుంటది. మీ అచ్చంపేట పిల్లలకు అది లేదు. తల్లో తండ్రో లేనివాళ్లు, మధ్యలో బడి మానేసి మళ్లీ వచ్చినవాళ్లు, అమ్మానాన్నలు ముంబైకో పుణెకో పనికి పోయినవాళ్లు ఆ బడుల్లో ఎందరో నీకే తెలుసు. బెల్లు కొట్టాక నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు, ఆ పాట మాత్రం రాత్రి డార్మెటరీలో పిల్లతోనే ఉంటది. వారం మధ్యలో, పొద్దుటి పీరియడ్ అడుగు, ఆ రోజంతా నువ్వు వాళ్ల కళ్ల ముందే తిరుగుతుండాలి.

ఎందుకింత చెప్తున్నానంటే, నేను పనిచేసిన ఒక బడిలో ఒక సారు ఉండేవారు. మంచి మనిషి, పాటంటే ప్రాణం. ఒకరోజు ఏడో తరగతిలో అమ్మ మీద పాట పెట్టి, రోల్ నంబర్ వరుసన ఒక్కొక్కరినీ లేపి మీ అమ్మ గురించి చెప్పమన్నారు. అందులో ఒక పిల్ల తల్లి ఆ ఎండాకాలమే ముంబైలో, బిల్డింగ్ పనికాడ చనిపోయింది. నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. సారుకు ఆ సంగతి తెలియదు, తెలుసుకోనూ లేదు. పిల్ల లేచి నిలబడి నోరు విప్పకపోతే, సిగ్గుపడుతోంది అనుకుని మళ్లీ మళ్లీ అడిగారు. చివరికి వెక్కి వెక్కి ఏడ్చింది, అది చూసి మిగతావాళ్లూ ఏడ్చారు. అంతలో బెల్లు కొట్టారు, లెక్కల సారు లోపలికొచ్చారు. మన సారు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని "ఇయ్యాల క్లాసంతా ఏడ్చింది మేడం" అని సంబురంగా చెప్పారు. పాఠం పండిందని ఆయన లెక్క! ఆ తర్వాత పోకిరి పిల్లలు కొందరు ఆ అమ్మాయి కనబడితే చాలు ఆ రాగం తీసేవారు. ఆ ఏడు బతుకమ్మ ఆటలోకి ఎంత పిలిచినా రాలేదు ఆ పిల్ల. నాకు ఇప్పటికీ ఆ సారు మీద కోపం పోలేదు.

2023లో బలగం సినిమాను ఊళ్ల నడుమ తెర కట్టి చూసినప్పుడు జనం ఏడ్చారు కదా, నీకూ గుర్తుండే ఉంటది. అక్కడ పక్కన కూర్చున్నది సొంత మనుషులు, ఏడ్చి కలిసే ఇంటికి పోయారు. నీ క్లాసు అట్లాంటిది కాదు.

కాబట్టి పాట నువ్వు ఎంచకు, వాళ్లనే ఎంచుకోనీ. లంబాడీ పిల్లలుంటే వాళ్ల తీజ్ పండుగ పాటలు పాడమను, వాళ్ల ముఖాలు ఎట్లా వెలుగుతాయో చూడు. లేచి చెప్పమనకు, రాయమను. రాయనంటే బొమ్మ గీయనీ, అదీ వద్దంటే ఊరికే విననీ. మార్కులు వెయ్యకు.

నాకు బాగా నచ్చిన దారి మాత్రం బతుకమ్మ పాటే. వరుస ఎట్లాగూ అందరికీ వచ్చు, చివర ఉయ్యాలో అని కలిపితే చాలు, మధ్యలో ఎవరి మాట వాళ్లు పెట్టుకోవచ్చు. మీ అమ్మమ్మ అట్లనే అత్తగారింటి కష్టాలన్నీ పాటలో కలిపి పాడేది, అడిగితే "పాటలో పిల్ల సంగతి, నాది కాదు" అనేది! పిల్లలకూ ఆ చాటు కావాలి. "నేను" అనకుండానే తన మాట చెప్పుకోగలగాలి.

ఇంకొకటి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం పిల్లలకు మాటివ్వకు. ఎవరైనా తనను పాడు చేశారని పిల్ల రాస్తే, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాయించు. మనసు బాగాలేక కుంగిపోతున్న పిల్ల కనిపిస్తే టెలీ మానస్ అని సర్కారు హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల రాతలు ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేవు, జాగ్రత్త, చెవి మెలేస్తా.

నువ్వు బాగా చేస్తావు, నాకు తెలుసు. చిన్నప్పుడు మీ తమ్ముడు ఏడిస్తే ఏమైందని అడగకుండా పక్కన కూర్చునేదానివి.

పీరియడ్ మార్చే సంగతి మీ బడి పెద్ద, ఎస్‌వో (స్పెషల్ ఆఫీసర్) మేడంతో రేపే మాట్లాడు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్, నేనే మాట్లాడతా. పరువు తీస్తానని భయపడకు, మర్యాదగానే అడుగుతా.

మీ పెద్దమ్మ