జనవరి ఊపు తగ్గాక బొమ్మలు వేయడం ఎలా కొనసాగించాలి?

నమస్కారం. జనవరి 1 నుంచి రోజుకొక పూర్తి చిత్రం వేయాలని సంకల్పించి, నెల తిరగకుండానే ఆగిపోయారనీ, ఇప్పుడు స్కెచ్‌బుక్ తెరవాలంటేనే అపరాధభావం కలుగుతోందనీ రాశారు. నా అభిప్రాయంలో లోపం మీ పట్టుదలలో లేదు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకొక పూర్తి చిత్రమనే లక్ష్యమే శక్తికి మించినది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చని అంచనా వేసింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినదని కూడా అందులో తేలింది. అది తిండి, వ్యాయామం వంటి అలవాట్ల మీద జరిగినదే అయినా, మీరు కలత చెందనక్కర లేదనడానికి అది చాలు.

పనిదినాల్లో పదిహేను నిమిషాలకు మించి పెట్టుకోకండి. మీ రెండో చేతిని ఎదురుగా ఉంచుకుని, బొటనవేలి గోరు చుట్టూ చర్మం మడతపడే చోటును మాత్రమే పెన్సిల్‌తో గీయండి. రంగులు సెలవురోజుకు ఉంచుకోండి. ఆ రోజైనా ఒక పూట పూర్తిగా విశ్రాంతికి వదలండి, ఎందుకంటే అలసిన కంటికి ఛాయాభేదాలు సరిగా తెలియవు. బొమ్మను కావాలనే కాస్త అసంపూర్తిగా ఆపి, అదే పేజీ తెరిచి బల్లమీద ఉంచితే, మర్నాడు ఖాళీ కాగితంతో తలపడాల్సిన అవసరం ఉండదు. తప్పిపోయిన రోజుల బొమ్మలను మాత్రం బాకీలా తీర్చబోకండి.