పారిస్‌లో తక్కువ ఖర్చుతో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?

పారిస్‌లో నాలుగు రోజులు గడపబోయేవారు ఎక్కడ తినాలో తెలుసుకునే ముందు ఎప్పుడు తినాలో తెలుసుకోవడం మంచిది. అక్కడి రెస్టారెంట్లలో చాలావరకు మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్య ‘ఫార్ముల్’ పేరిట రెండు మూడు వంటకాలను కలిపి ఒకే ధరకు వడ్డిస్తాయి. అవే వంటకాలను రాత్రి విడివిడిగా తెప్పించుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది.

ధరల పట్టికను గుమ్మం బయట ఉంచడం చట్టప్రకారం తప్పనిసరి కనుక, లోపలికి వెళ్లకముందే దాన్ని చదువుకోవచ్చు. ఆ పట్టిక ఆరు భాషల్లో, ఫొటోలతో కనిపిస్తే, అందులోనూ ఈఫిల్ టవర్ పరిసరాల్లో, అది పర్యాటకుల కోసమే నడిపే చోటని భావించి నేనైతే ఆగకుండా ముందుకు నడుస్తాను.

సంప్రదాయ ఫ్రెంచి వంటను చౌకగా రుచి చూడాలనుకుంటే, 19వ శతాబ్దంలో శ్రామికులకు వేడి భోజనం అందించేందుకు పుట్టిన ‘బుయ్యోన్’ అనే భోజనశాలలకు వెళ్లాలి. 1896లో మొదలైన బుయ్యోన్ షార్టియేలో వరుసలో నిలబడవలసి వస్తుంది కానీ, వడ్డించేవారు బల్లపై పరిచిన కాగితం మీదే బిల్లు రాసే ముచ్చటను చూడవచ్చు. శాకాహారులకు మాత్రం అక్కడ దొరికేది తక్కువే. వారికి గార్ దు నోర్ స్టేషను దాటాక వచ్చే లా షాపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె, ఇడ్లీ దొరుకుతాయి.

సీసా నీళ్లకు బదులు ‘కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీటిని ఉచితంగా ఇస్తారు. సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు ఇవ్వడం మీ ఇష్టం.