అమెరికా డిటెన్షన్ సెంటర్ రికార్డుల కోసం ప్రభుత్వం మీద కేసు వేయొచ్చా?

వేయొచ్చండి. డిటెన్షన్‌లో ఉన్న మీ తమ్ముడికి మందులు సరిగా ఇవ్వలేదని, ఫోయా (అమెరికా ఫెడరల్ సమాచార హక్కు చట్టం) కింద రికార్డులు అడిగి నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదని, హెచ్‌1బీ మీద ఉన్నాను కాబట్టి కోర్టుకెళ్తే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉందని రాశారు. మా పెదనాన్నగారి అబ్బాయి విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను, ఆ అనుభవంతో చెప్తున్నా. నేను లాయర్‌ని కాను.

ముందు మన ఆర్టీఐ లెక్కలు పక్కన పెట్టండి. అక్కడ 30 రోజుల్లో ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్, ఆలస్యం చేసినందుకు రోజుకు 250 రూపాయల జరిమానా. ఇక్కడ జరిమానా లేదు, మధ్యవర్తిత్వం చేసే ఆఫీసు ఒకటి ఉంది గానీ దానికి ఆదేశాలిచ్చే అధికారం లేదు, గట్టిగా అడగాలంటే ఫెడరల్ కోర్టే. 20 పనిదినాల్లో (ప్రత్యేక కారణం చూపిస్తే ఇంకో 10) నిర్ణయం చెప్పకపోతే అప్పీలు చేయకుండానే నేరుగా కేసు వేయొచ్చు. కానీ మీరు కేసు వేసేలోపు ఆలస్యంగానైనా జవాబు వచ్చేసిందంటే, మళ్లీ అప్పీలు దారి పట్టాల్సిందే. దానికి కనీసం 90 రోజుల గడువిస్తారు. అందుకే వేయాలనుకుంటే నాన్చకండి.

వీసా సంగతి. ఆర్టీఐ భారత పౌరులకే, ఫోయా ఎవరైనా అడగొచ్చు, పౌరసత్వంతో పని లేదు. కాకపోతే కోర్టు రికార్డులో మీ పేరు అందరికీ కనిపిస్తుంది. అది ఇష్టం లేకపోతే వలసదారుల హక్కుల సంస్థ ఏదైనా తన పేరుతో కొత్తగా అడిగి, ఆ సంస్థే కేసు వేయొచ్చు. ఎవరి పేరుతో అడిగారో వాళ్లకే కేసు వేసే హక్కు ఉంటుంది, కాబట్టి లాయర్ మీ తరఫున అడిగితే దరఖాస్తులో మీ పేరు స్పష్టంగా రాయించండి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. మీ తమ్ముడి వైద్య రికార్డులకైతే ఆయన సంతకంతో సమ్మతి పత్రం తప్పనిసరి.

అసలు విషయం ఏం అడిగారన్నది. "అక్కడి పరిస్థితుల గురించి ఉన్న రికార్డులన్నీ" అని రాస్తే వాళ్లకి అంతకంటే సుఖం లేదు, వెతకడం సాధ్యం కాదని ఏళ్లు గడిపేస్తారు. రేపు జడ్జి చదువుతాడనుకుని రాయండి. మా అన్నయ్యకి షుగర్, ఇన్సులిన్ వేళకి ఇచ్చేవాళ్లు కాదు. ఉంచింది ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో, పేరు చెప్పను. మేము ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మందులిచ్చిన చార్టు, డాక్టర్‌ని చూడాలని ఆయన రాసిచ్చిన స్లిప్పులు, ఫిర్యాదుల రిజిస్టరు, ఆ రెండేళ్ల తనిఖీ నివేదికలు అని విడివిడిగా అడిగాం. చివరికి వచ్చిన కాగితాల్లో నర్సుల పేర్లన్నీ నల్లగా కొట్టేసి ఉన్నాయి గానీ, చార్టులో ఇన్సులిన్ వరుసలో సంతకం లేని ఖాళీ గళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అన్నయ్య చెప్పిన రాత్రులు, ఆ ఖాళీలు సరిపోయాయి. పేర్లు కొట్టేశారని అప్పుడు చాలామంది బాధపడ్డారు కానీ మాకు కావలసింది పేర్లు కాదు.

సీసీటీవీ కావాలంటే మాత్రం ఆగొద్దు, పాత రికార్డింగుల మీద కొత్తవి పడిపోతుంటాయి. చెరపకుండా ఉంచమని లాయర్ చేత వెంటనే లేఖ పంపించండి.

మీ తమ్ముణ్ని కూడా కౌంటీ జైల్లోనే ఉంచి ఉంటే ఆ రాష్ట్రానికీ సమాచార చట్టం ఉంటుంది, సమాంతరంగా అక్కడా అడగండి, చాలాసార్లు అదే ముందు పలుకుతుంది. డిటెన్షన్‌లో ఉన్నవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని ఫెడరల్ నిబంధన ఒకటి అడ్డు చెప్తారు. కాబట్టి కౌంటీని కాంట్రాక్టులు, బిల్లులు లాంటివి అడగడం మేలు. డిటెన్షన్ సెంటర్లు నడిపే ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టు ధరలు వ్యాపార రహస్యమని వాదించేవాళ్లు. డిటెన్షన్ వాచ్ నెట్‌వర్క్ అనే వలసదారుల హక్కుల సంస్థ వేసిన ఫోయా కేసులో 2016లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రభుత్వం ఊరుకున్నా కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 2017లో అక్కడా తలుపు మూసేశారు.

కేసు వేశాక సినిమాల్లోలాగా వాదనలేం ఉండవు. ఫైలింగ్ ఫీజు 405 డాలర్లు, ప్రభుత్వానికి 30 రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత, ఆ తర్వాత ఇరుపక్షాల లాయర్లు కూర్చుని నెలకి ఇన్ని పేజీలు అని షెడ్యూలు వేసుకుంటారు. నెలకి 500 పేజీలు అనే లెక్క చాలా కేసుల్లో కనిపిస్తుంది. అప్పటిదాకా మా ఈమెయిళ్లకి దిక్కులేదు, ప్రభుత్వ లాయర్ రంగంలోకి దిగాక అదే ఏజెన్సీ ఫైలు కదిలింది. నా ఉద్దేశంలో ఇక్కడ కేసు అంటే యుద్ధం కాదు, క్యూలో నంబరు దొరకడం. పెద్ద మీడియా సంస్థలదీ ఇదే కథ, ఎన్‌పీఆర్ రేడియో కూడా కేసు వేసిన తర్వాతే ప్రభుత్వ నిపుణులు రాసిన తనిఖీ నివేదికలు 1,600 పేజీలకు పైగా బయటికొచ్చాయి, 2023లో ప్రచురించారు.

లాయర్ లేకుండా కూడా వేయొచ్చు, కానీ గెలిచినా మీ శ్రమకి ఫీజు రాదు. లాయర్ ఉంటే, కేసులో మీది చాలావరకు పైచేయి అయితే, ఆ ఖర్చు ప్రభుత్వం చేత ఇప్పించే అధికారం కోర్టుకుంది. అందుకే కొన్ని సంస్థలు డబ్బు తీసుకోకుండా ఇవి చేపడతాయి, ముందు వాళ్లని అడగండి.

ఇంకొక్కటి, ఫోయా కేసులో కాగితాలే వస్తాయి, నష్టపరిహారం రాదు. ఫెడరల్ ఉద్యోగుల నిర్లక్ష్యానికి పరిహారం అడగాలంటే జరిగిన రెండేళ్లలోపు ఆ ఏజెన్సీకి వేరే క్లెయిమ్ రాసివ్వాలి. ఫోయా నడుస్తోంది కదా అని ఆ గడువు ఆగదు. మీ తమ్ముడు ఎప్పుడు లోపల ఉన్నాడో రాయలేదు, ఆ తేదీ ఇవాళే చూసుకోండి.