ఉద్యోగాలు, బడుల మధ్య క్రీ కుటుంబాలు తమ సంప్రదాయాన్ని ఎలా నిలుపుకుంటున్నాయి?

క్రీలు కెనడా ఆదివాసులు; ఆ దేశంలో చాలాచోట్ల ఉన్నారు. ఇది క్యుబెక్‌లోని జేమ్స్ బే తీరపు సంగతి.

అక్కడ తరాల మధ్య లంకె తెంచినవి రెసిడెన్షియల్ స్కూళ్లు, అంటే ఆదివాసీ పిల్లలను ఇళ్లకు దూరం చేసి ఉంచిన ప్రభుత్వ బడులు. శరదృతువు నుంచి ఎండాకాలం దాకా పిల్లలు హాస్టళ్లలోనే ఉండిపోయారు. ఉచ్చులు, వలలు, అడవి మాటలు నేర్చుకునే చలికాలం మొత్తం చేజారింది. ఈ బడుల విషయంలో 2008లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. పోయిన చలికాలాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు వసంతంలో పెద్దబాతుల వేటకు బడులకే దాదాపు రెండు వారాల సెలవు. శుభ్రం చేసిన బాతును గుడారంలో నిప్పు పక్కన తాడుతో వేలాడదీసి, మెలితిప్పి వదులుతారు. గిరగిరా తిరుగుతూ గంటల తరబడి కాలుతుంది, కొవ్వు కింది గిన్నెలోకి కారుతుంది. తిరగడం ఆగితే ఒకవైపు మాడి, రెండోవైపు పచ్చిగా మిగులుతుంది; అందుకే ఎవరో ఒకరు పక్కనే కూర్చుని తాడు తిప్పుతుండాలి. అమ్మమ్మ దగ్గర పిల్లలు భాష నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నడక వచ్చిన పసిబిడ్డను తెల్లవారగానే గుడారం దాటించే వేడుక కూడా నిలిచింది.

డబ్బు మాటేమిటంటారా? క్రీలకు, ప్రభుత్వానికి మధ్య కుదిరిన 1975 ఒప్పందం కింద, ఏటా కనీసం 120 రోజులు వేట పనుల్లో గడిపే కుటుంబాలకు ఆదాయ భరోసా అందుతుంది.