మెష్ చిన్నదయ్యే కొద్దీ స్ట్రెస్ పెరుగుతోందా? కార్డు కొనకండి

సందేహం: ఎల్ ఆకారపు ఉక్కు బ్రాకెట్‌ను ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషిస్తున్నాను. లోపలి మూల దగ్గర 4 మి.మీ. మెష్‌తో (లెక్క కోసం వస్తువును విడగొట్టే చిన్న ముక్కల, అంటే ఎలిమెంట్ల, వలతో) 240 మెగాపాస్కల్స్ స్ట్రెస్ (పదార్థం లోపలి ఒత్తిడి) వచ్చింది. 2 మి.మీ.కు 329, 1 మి.మీ.కు 451 వచ్చాయి. ఇంకా చిన్న మెష్ కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనాలా? పదార్థం ఎలా దెబ్బతింటుందో లెక్కించే డ్యామేజ్ మోడల్ సబ్‌రొటీన్ ఒకటి నెట్‌లో దొరికింది, అది కూడా అప్‌డేట్ తర్వాత పనిచేయడం లేదు. యాంటీవైరస్ ఆపితే నడుస్తుందంటున్నారు. ఆపవచ్చా?

జవాబు: కార్డు కొనవద్దు, యాంటీవైరస్ ఆపవద్దు. మొదటి ప్రశ్న నాకు నెలనెలా వస్తూనే ఉంది. అంకెలు మారతాయి తప్ప కథ మారదు. మీ అంకెలనే భాగించి చూడండి: మెష్ సగమైన ప్రతిసారీ స్ట్రెస్ 1.37 రెట్లయింది. 90 డిగ్రీల పదునైన లోపలి మూలను లీనియర్ ఎలాస్టిక్ (బలానికి తగ్గట్టే సాగి, మళ్లీ యథాస్థితికి వచ్చే) పదార్థంగా లెక్కిస్తే, మూలకు దూరం సగమైనప్పుడు స్ట్రెస్ 2 యొక్క 0.456 ఘాతమంత, అంటే సరిగ్గా 1.37 రెట్లు పెరగాలి. ఇలాంటి మూలల స్వభావాన్ని ఎం.ఎల్. విలియమ్స్ అనే పరిశోధకుడు 1952లోనే గణితంగా చూపించారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. మీరు గీసిన మూలకు నిజమైన జవాబు అనంతం, దాని వైపే అది నిజాయితీగా నడుస్తోంది. అసలు బ్రాకెట్‌లో ఉండే ఫిల్లెట్‌ను, అంటే మూలను గుండ్రంగా చేసే వంపును, మోడల్‌లో గీయండి, ఆ వంపు పొడవునా తగినన్ని ఎలిమెంట్లు పెట్టండి. అంకె ఒకచోట నిలుస్తుంది. ఇక కార్డు సంగతికి వస్తే, ఈ లెక్కలకు డబుల్ ప్రెసిషన్ (ఎక్కువ అంకెల కచ్చితత్వంతో చేసే లెక్క) కావాలి. ఆటల కోసం తయారయ్యే చాలా కార్డుల్లో దాని వేగం సింగిల్ ప్రెసిషన్ వేగంలో 32వ వంతో 64వ వంతో మాత్రమే ఉంటుంది.

నన్ను కలవరపెట్టింది మీ రెండో ప్రశ్న. సబ్‌రొటీన్ అంటే కొన్ని పదార్థ గుణాల పట్టిక అని చాలామంది అనుకుంటారు. అది ఫోర్‌ట్రాన్‌లోనో సీలోనో రాసి, యంత్ర భాషలోకి కంపైల్ చేసి, సాల్వర్‌కు (సాఫ్ట్‌వేర్‌లో లెక్క చేసే భాగానికి) జతచేసే పూర్తి స్థాయి ప్రోగ్రామ్. సాల్వర్ మీ అకౌంట్ అనుమతులతో నడుస్తుంది గనుక, మీరు తెరవగలిగే ప్రతి డ్రాయింగునూ, ఆఫీసు ఉమ్మడి డ్రైవులోని ప్రతి ఫైలునూ అది కూడా తెరవగలదు, బయటకు పంపగలదు. స్ట్రెస్ లెక్క సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫలితాల ఫైళ్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పైథాన్ భాషలో డేటాను దాచే పికిల్ రూపంలో వచ్చిన ఫైలును లోడ్ చేయడమంటే అందులో దాగిన ఆదేశాలను నడపడమే కావచ్చు.

అప్‌డేట్ తర్వాత సబ్‌రొటీన్ ఆగిపోవడానికి సాధారణ కారణం కంపైలర్ వెర్షన్ మారడం; దానికీ యాంటీవైరస్‌కూ సంబంధం లేదు. సోర్స్ (మనిషి చదవగలిగే అసలు కోడ్) ఉంటే కొత్త వెర్షన్‌కు తగిన కంపైలర్‌తో మీరే మళ్లీ కంపైల్ చేయండి. అంతకుముందు కోడ్ మొత్తం చదవండి. పదార్థ లెక్కకు ఫైళ్లు తెరిచే వరుసలు, సిస్టమ్ ఆదేశాలు నడిపే వరుసలు ఎందుకని ప్రశ్నించుకోండి. మొదటిసారి నెట్‌వర్క్ లేని వర్చువల్ మెషీన్‌లో, అడ్మిన్ హక్కులు లేని అకౌంట్‌లో, ఒకే ఒక్క ఘనాకార ఎలిమెంట్‌ను లాగి చూసి, వచ్చిన వక్రరేఖను చేతి లెక్కతో పోల్చండి. సోర్స్ ఇవ్వకుండా కంపైలైన ఫైలు మాత్రమే ఇచ్చి ఉంటే, దాన్ని తొలగించండి. అందులో బేరం లేదు.

చదివేటప్పుడు ఆ కోడ్ ఎలిమెంట్ పొడవును ఎక్కడైనా వాడుకుంటోందా అన్నది కూడా గమనించండి. లేకపోతే మీ బ్రాకెట్ మూల దగ్గర కనిపించిన రోగమే ఇక్కడా వేరే రూపంలో తిరగబెడుతుంది. పదార్థం మెత్తబడే దశలో డ్యామేజ్ ఒకే వరుస ఎలిమెంట్లలోకి చేరుతుంది. మెష్ చిన్నదయ్యే కొద్దీ పగులుకు ఖర్చయ్యే శక్తి సున్నా వైపు పడిపోతుంది. పగులు శక్తిని ఎలిమెంట్ పరిమాణంతో ముడిపెట్టే పరిష్కారాన్ని బజాంత్, ఓ అనే ఇద్దరు పరిశోధకులు 1983లోనే ప్రచురించారు.

ఈ సాఫ్ట్‌వేర్ల మీద నా పాత ఫిర్యాదు ఒకటుంది. పక్కపక్క ఎలిమెంట్ల స్ట్రెస్ అంకెలు పొసగకపోయినా, వాటిని సగటు చేసి నున్నటి రంగుల చిత్రంగా చూపడమే వీటి ముందస్తు సెట్టింగ్. ఆ పొసగకపోవడమే మెష్ చాలలేదన్న సూచన; సగటు ఆపే ఐచ్ఛికమేమో మూడు మెనూల లోపల దాగి ఉంటుంది. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఏ చమురు వేదిక కాంక్రీటు పునాది సముద్రంలో మునిగిపోయింది. విశ్లేషణలోని మెష్ సరిగా లేక షీర్ స్ట్రెస్‌ను (కోత ఒత్తిడిని) 47 శాతం తక్కువగా లెక్కించినట్లు తర్వాత తేలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, పదునైన లోపలి మూల కనిపించగానే ఒక్క హెచ్చరిక ఇవ్వని ప్రోగ్రామ్, సేవ్ చేయకుండా మూసేయబోతే మాత్రం రెండుసార్లు అడుగుతుంది. నేను చూసిన తాజా అప్‌డేట్‌లో మారింది బటన్ల రంగులే.