కూల్చే ముందు ఒక్క పెచ్చు రాలగొట్టి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హిమాయత్‌నగర్‌లో మీ నాన్న 1983లో కట్టించిన ఆఫీసు బిల్డింగ్‌ని పడగొట్టి కొత్తది లేపుదామని బిల్డర్ అంటున్నాడని, సెల్లార్‌లో పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయని ఫోన్లో చెప్పావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. అప్పుడే సంతకం పెట్టకు నాన్నా.

పెచ్చులు చూసి తీర్పు చెప్పకూడదని నా తప్పే నాకు నేర్పింది. ఇరవయ్యేళ్ల కిందట అబిడ్స్ వైపు ఇలాంటిదే ఐదంతస్తుల భవనం. స్లాబు అడుగున తుప్పు చూసి పనికిరాదని రాసిచ్చాను. కూల్చేవాళ్లు ఒక్కో పిల్లర్‌తో రోజులకు రోజులు బ్రేకర్లు పెట్టి పోరాడారు. తుప్పంతా బాత్రూమ్ పైపులు కారిన మేరకే ఉంది, మిగతాదంతా రాయి. ఒక్క పరీక్షయినా చేయించకుండా కలం కదిపానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును నీ డబ్బుతో నువ్వే పెట్టుకో, బిల్డర్ పంపే మనిషి వద్దు. పిల్లర్ మీద కొంచెం కొట్టించి, తాజాగా బయటపడ్డ కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లించు. గులాబీ రంగు తిరిగితే క్షారగుణం ఇంకా ఉన్నట్టు, ఊచకు కాపలా ఉన్నట్టు. రంగు తిరగని మేర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగినట్టు. అది ఊచ దాకా వచ్చిందా, ఇంకా రాలేదా అన్నది పక్కన నిలబడి నీ కళ్లతో చూడు. ఆ రోజుల్లో వాడిన మెలితిప్పిన టార్ స్టీలు తుప్పుకు తొందరగా లొంగుతుంది. కాబట్టి బయటి పిల్లర్లు, ట్యాంకు కింది బీములు, టాయిలెట్ల కింది స్లాబులు వదలొద్దు. కనీసం మూడు కోర్లు, అంటే కాంక్రీటులోంచి డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్కలు, తీయించు. వాటి సగటు బలం డ్రాయింగులో రాసిన గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎక్కడైనా తగ్గితే ఆ పిల్లర్ల చుట్టూ కొత్త ఊచలు, కాంక్రీటు తొడిగే జాకెటింగ్ ఉంది. అన్నీ తగ్గితే అప్పుడు కూల్చు, నేనే ముందుంటాను.

ఇంత పట్టు ఎందుకంటే, సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు బొగ్గు పొగే కాదు, రాయిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా గాలిలో కలుస్తుంది. మీ పునాదులకు, పిల్లర్లకు ఆ మూల్యం నలభై ఏళ్ల కిందటే చెల్లిపోయింది. కూలిస్తే అదంతా మళ్లీ మొదటి నుంచి.

ఇక ఏసీల సంగతి. వాటిని చివర కొను. న్యూయార్క్‌లో 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ని బాగుచేసినప్పుడు 6,500కు పైగా కిటికీల అద్దాలు పారేయలేదు. ఆ భవనంలోనే ఒక అంతస్తులో వర్క్‌షాపు పెట్టి, రెండు అద్దాల మధ్యలో వేడిని ఆపే పలుచటి ఫిల్మ్ వేసి మళ్లీ బిగించారు. లోపలికి వచ్చే వేడి తగ్గాక, చిల్లర్లు, అంటే భవనమంతటికీ చల్లదనమిచ్చే పెద్ద యంత్రాలు, కొత్తవి పెద్దవి కొనకుండా ఉన్నవాటినే బాగుచేసి సరిపెట్టుకున్నారు. ఈ వరస తప్పొద్దు. మనకు వేడి పైకప్పు నుంచి, పడమటి గోడ నుంచి వస్తుంది. టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించి పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వెయ్యి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే తెచ్చింది. పడమటి కిటికీల మీద సజ్జాలున్నాయి చూశావా, ఎలివేషన్ కోసం, అంటే ముందు వైపు అందం కోసం, వాటిని కొట్టేసి ముందంతా అద్దాలు, ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు బిగిద్దామంటారు. ససేమిరా ఒప్పుకోకు. మే నెల ఎండను నలభై ఏళ్లుగా ఆపుతున్నవి ఆ సజ్జాలే.

పాత వైరింగ్ మాత్రం మొత్తం మార్చు, అక్కడ పొదుపు వద్దు. మేడ మీద షెడ్డు ఆస్బెస్టాస్ రేకులదే అనుకుంటాను. వాటిని పగలగొట్టనివ్వకు. నీళ్లతో తడిపి, మాస్కులు పెట్టుకుని, రేకు రేకుగా దించాలి. ఆ దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మిగతా శిథిలాలు చెరువుగట్టున పారబోయకుండా జీడిమెట్లలోని రీసైక్లింగ్ ప్లాంటుకు పంపు.

కిరాయిదార్లను ఒక్కసారిగా ఖాళీ చేయించకు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి, ఒక అంతస్తు పూర్తయ్యాక కింది వాళ్లను అందులోకి మార్చుకుంటూ రా. మీ నాన్న కాలం నుంచి ఉన్నవాళ్లు వాళ్లు.

పాత బ్లూప్రింట్లు అత్తయ్య బీరువాలో ఉండొచ్చు, అడిగి తీసి పెట్టు. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. సెల్లార్ తాళాలు, ఒక సుత్తి, మంచి టార్చి లైటు దగ్గర ఉంచుకో.

మీ మామయ్య