బాబు పాకడం మొదలుపెట్టాడు, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. బాబుకి ఎనిమిదో నెల నడుస్తోంది. ఈమధ్యే పాకుతున్నాడు, మంచం పట్టుకుని లేవబోతున్నాడు. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. పగలు బాబుని అత్తయ్య, మావయ్య చూసుకుంటారు. వాడి కోసం టేబుల్ అంచులకు రబ్బరు తొడుగులు, నేల మీదకి స్పాంజి చాపలు, ప్లగ్గులకు మూతలు, వంటగది గుమ్మానికి చిన్న గేటు తెప్పించాను. మోకాళ్ల నొప్పులతో గేటు దాటలేకపోతున్నానని అత్తయ్య దాన్ని తీసి పక్కన పెట్టేశారు. ‘ముగ్గుర్ని పెంచాను, ఎవరికీ ఏమీ కాలేదు, ఈ చోద్యాలన్నీ మీ తరానికే’ అంటారు. మావయ్య ముచ్చటపడి వాకర్ కొనుక్కొచ్చారు. పోయిన వారం అత్తయ్య షుగర్ మాత్ర కింద పడితే బాబు గుప్పిట్లో పట్టుకుని నోటి దాకా తీసుకెళ్లాడు. లాక్కున్నాను గానీ ఆ కంగారులో ‘చూసుకోవడం చేతకాకపోతే చెప్పండి’ అని అరిచేశాను. అప్పటి నుంచి ఆవిడ ముభావంగా ఉంటున్నారు. సంక్రాంతికి ఊరెళ్లి ఇక అక్కడే ఉండిపోతామంటున్నారు. మా ఆయన్ని అడిగితే ‘అమ్మ పెద్దావిడ, నువ్వే సర్దుకో’ అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను అతి చేస్తున్నానా?
– ఒక సోదరి

జవాబు: మాత్ర విషయంలో మీ భయం అతి కాదమ్మా. మీ నోటి నుంచి వచ్చిన మాట మాత్రం అతే. ఈ రెండింటినీ విడదీసి చూసుకుంటే మీ ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు మాత్ర సంగతి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా పసివాడి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాదు, కొన్ని గంటలు మామూలుగా ఆడుకున్నాక కూడా జరగొచ్చు. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలూ పిల్లలకు అంతే ప్రమాదం. ఇలాంటిది మింగాడన్న అనుమానం ఎప్పుడు వచ్చినా, బాగానే ఉన్నాడు కదా అని ఎదురుచూడొద్దు. వాంతి చేయించే ప్రయత్నమూ చేయొద్దు. మాత్రల అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపోవాలి. ఈ సంగతి అత్తగారికి తెలిసి ఉండకపోవచ్చు. రోజూ తను వేసుకునే మాత్ర మనవడికి విషమవుతుందని ఎవరు అనుకుంటారు? డాక్టరు నోట విననివ్వండి. వచ్చే టీకాకి వెళ్లేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్లి, ‘ఇంట్లో పెద్దవాళ్ల మందులున్నాయి, ఏం జాగ్రత్త తీసుకోవాలి’ అని ఆవిడ ముందే అడగండి. మీరు చెబితే ఎత్తిపొడుపు అవుతుంది, ఆయన చెబితే సలహా అవుతుంది.

మీ ఉత్తరం చదివితే ఇద్దరూ ఒకే దాని కోసం పోట్లాడుకుంటున్నట్టు ఉంది. ‘కళ్లు పెట్టి చూసుకుంటే చాలు’ అన్నది ఆవిడ నమ్మకం. ‘వస్తువులు కొని బిగిస్తే చాలు’ అన్నది మీ నమ్మకం. రెండూ చాలవు. ఎంత ప్రాణంగా చూసుకునే మనిషైనా పాలు పొంగితే లేస్తుంది, కాలింగ్ బెల్ మోగితే వెళ్తుంది, మధ్యాహ్నం ఓ కునుకు తీస్తుంది. ఆ రెండు నిమిషాల్లో ఏం జరిగినా తలకి ఓ బొప్పి కట్టడంతో పోయేలా ఇల్లు ఉండాలి. అప్పుడు తప్పు ఎవరిదన్న పంచాయితీ రాదు.

మీరు తెప్పించిన వాటి జాబితా రెండుసార్లు చదివాను. అందులో బాత్రూం లేదు. పాకే పిల్లలున్న ఇంట్లో నేను మొదట అడిగేది దాని గురించే. ఈ వయసులో తల బరువు ఎక్కువ. బకెట్ అంచు పట్టుకుని లేచి లోపలికి తొంగిచూస్తే తల్లకిందులుగా పడతారు, మళ్లీ పైకి లేవలేరు. రెండంగుళాల నీళ్లు చాలు. పైగా చప్పుడు ఉండదు, ఏడుపు వినబడదు. కాబట్టి ఈ సాయంత్రమే బాత్రూం తలుపుకి బయటి వైపు, పెద్దవాళ్ల చేయి అందేంత ఎత్తులో ఒక గడియ బిగించండి. వాడని బకెట్ బోర్లించి ఉంచాలి. ఇల్లు తుడిచే బకెట్‌ని పనమ్మాయి హాల్లో వదిలేసి బాల్కనీకి వెళ్తుందేమో చూడండి, చాలా ఇళ్లలో జరిగేది అదే. నీళ్లు పట్టి ఉంచుకోక తప్పని ఇల్లయితే మూత బిగుసుకునే డ్రమ్ము వాడండి.

తర్వాత వేడి. గీజర్‌ని 50 డిగ్రీలకు తగ్గించండి. స్నానానికి చన్నీళ్లు ముందు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. బకెట్లో పెట్టే హీటర్ రాడ్ ఉంటే బాబు పెద్దయ్యేదాకా అటక మీద పడేయండి. మీ అత్తమామలు కింద కూర్చుని భోంచేసేవాళ్లయితే సాంబారు గిన్నె, చారు గిన్నె నేల మీద పెట్టకుండా పక్కనే స్టూలు మీద పెట్టుకోవాలి, దాని మీద వేలాడే గుడ్డ ఉండకూడదు. టీ తాగుతూ ఒళ్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకోవడం మావయ్యగారికి అలవాటైతే, టీ అయ్యేదాకా మనవడు ఇంకొకరి దగ్గర ఉండాలి. ఒకవేళ కాలితే కుళాయి కింద పారే మామూలు నీళ్లలో 20 నిమిషాలు ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, నెయ్యి ఏవీ రాయొద్దు.

మూడోది నోట్లోకి వెళ్లేవి. రిమోట్లలో, ఆటబొమ్మల్లో, వేయింగ్ మెషీన్లలో, నవరాత్రులకు కొనే ప్లాస్టిక్ దీపాల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ అన్నిటికంటే చెడ్డది. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మూత స్క్రూతో బిగించనివి ఏవున్నా టేపు చుట్టండి, లేదా పై అరలో పెట్టండి. పల్లీలు, వేయించిన శనగలు, చింతగింజలు, తెగిన పూసలు, ఊడిన గుండీలు ఇంట్లో నేల మీద ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. పొద్దున చీపురు పట్టాక, బాబుని కిందికి దించే ముందు ఎవరో ఒకరు కింద కూర్చుని చుట్టూ చూడటం అలవాటు చేసుకోండి. నిలబడి చూస్తే కనబడనివి కూర్చుంటే కనబడతాయి. మంచం కింద కలరా ఉండ దొర్లి ఉంటుంది, దోమల మందు మెషిన్ సరిగ్గా వాడి చేతికందేంత ఎత్తులో ఉంటుంది, చార్జర్ వైరు చివర నోట్లో పెట్టుకునేలా వేలాడుతుంటుంది.

దేవుడి గది గురించి కాస్త జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే అది అత్తగారి రాజ్యం. హారతి కర్పూరం పసిపిల్లలకు విషం. కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. పటికబెల్లం ముక్కలా తెల్లగా ఉంటుంది కాబట్టి పిల్లల చేయి అటే పోతుంది. నేల మీద వెలిగించే దీపం, అగ్గిపెట్టె, దీపానికి వాడే నూనె సీసా కూడా అక్కడే ఉంటాయి. మీరు వెళ్లి అవి సర్దొద్దు. ‘అత్తయ్యా, బాబు పాకుతూ దేవుడి దగ్గరికే వెళ్తున్నాడు, దీపం ఎక్కడ పెడితే బాగుంటుందంటారు’ అని అడగండి. గోడకి చిన్న చెక్క అర కొట్టించుకోవాలని ఆవిడే అంటారు.

ఇక మీరు కొన్నవి. టేబుల్ అంచుల రబ్బరు తొడుగుల్ని ఇంకో నెలకి వాడే పీకి నోట్లో పెట్టుకుంటాడు. విడదీసి కలుపుకునే అక్షరాల స్పాంజి చాపా అంతే, ముక్క కొరికేస్తారు. ప్లగ్గుల్లో దూర్చే విడి మూతలకన్నా, లోపల అడ్డు ఉండే సాకెట్లు మేలు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ ఉందో లేదో చూపించండి. ఇలాంటి తొడుగులూ మూతలకి పెట్టే డబ్బు బీరువానీ టీవీనీ గోడకి బిగించడానికి పెట్టండి. లేవడం నేర్చుకున్న పిల్లాడు బీరువా సొరుగు పట్టుకుని ఊగుతాడు. బాల్కనీ ఊచల మధ్య ఖాళీ నాలుగంగుళాలు మించితే మెష్ కట్టించండి. పక్కన కుర్చీ, పూలకుండీ లాంటివి ఎక్కడానికి వీలుగా ఉంచొద్దు. చిన్న చిన్న బొప్పులు, మట్టి, చీపురు పుల్ల పీకడం లాంటి వాటికి మీరు పరుగెత్తాల్సిన పనిలేదు.

గేటు విషయంలో అత్తగారిదే న్యాయం. మోకాళ్ల నొప్పులున్న మనిషి, చేతిలో వేడి గిన్నెతో గేటు దాటబోయి పడితే ఇద్దరికీ ప్రమాదమే. ఒక చేత్తో తెరుచుకుని తలుపులా మూసుకునే గేట్లు దొరుకుతాయి. అది తెప్పించేటప్పుడు గొళ్లెం ఎటువైపు ఉండాలో ఆవిడనే అడగండి.

వాకర్ మాత్రం వద్దు. అందులో కూర్చుంటే త్వరగా నడక వస్తుందన్నది భ్రమే. పిల్లాడు క్షణంలో దూరంగా దూసుకెళ్తాడు, మెట్ల మీద నుంచి పడతాడు, స్టవ్వు దగ్గరి వేడి గిన్నెలు అందుకుంటాడు. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. అయితే మావయ్యగారి ముచ్చటని చిన్నబుచ్చొద్దు. ‘ఇది మార్చి మూడు చక్రాల చెక్క నడక బండి తెద్దామా, వాడు నిలదొక్కుకున్నాక తోసుకుంటాడు’ అని మీవారితో అనిపించండి. ఆయన చిన్నప్పుడూ అలాంటి బండి తోసుకునే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం, మీ మాట. మాత్ర గురించి భయపడినందుకు క్షమాపణ చెప్పక్కర్లేదు. ‘చేతకాకపోతే’ అన్నందుకు చెప్పాలి. ‘ఆ రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదత్తయ్యా, ఆ మాట అనకూడదు, అనేశాను’ అంటే చాలు. ఆ వెంటనే ‘కానీ మీరు కూడా…’ అని మొదలుపెట్టొద్దు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా వాడి పనంతా చేసి, ఎత్తుకుని ఎత్తుకుని నడుం పట్టేసిన మనిషి ఆవిడ. ఆ మాత్ర చూసి మీకంటే ఆవిడే ఎక్కువ భయపడి ఉంటారు. ఆ భయాన్ని బయటికి చెప్పుకునే దారి లేక ఊరెళ్లిపోతామంటున్నారేమో ఆలోచించండి. ‘ముగ్గుర్ని పెంచాను’ అన్నప్పుడు ఎదురు వాదించొద్దు. ఆ ఇంట్లో పెద్ద వాకిలి ఉండేది, చుట్టూ ఆడపడుచులు, తోడికోడళ్లు ఉండేవాళ్లు. నాలుగో అంతస్తు బాల్కనీ, గీజర్, రిమోట్లు ఉండేవి కావు. ‘అప్పుడు మీకు ఎవరు తోడుండేవారు’ అని అడిగి చూడండి, ఆవిడే చాలా చెబుతారు.

మీవారి విషయం. ‘నువ్వే సర్దుకో’ అనడం పెద్దరికం కాదు, తప్పించుకోవడం. వాళ్ల అమ్మకి మందుల డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పాల్సింది కొడుకే. తాళం ఉన్న చిన్న డబ్బా ఒకటి కొని, వారానికి సరిపడా మాత్రలు ఆదివారం తనే సర్ది, ఆవిడ చేతికందే పై అరలో పెట్టమనండి. మాత్ర మంచం మీద కూర్చుని కాకుండా డైనింగ్ టేబుల్ దగ్గరే వేసుకోవాలి, కింద పడితే దొరికేదాకా వెతకాలి, అంతే. మీరు మీటింగులో ఉండగా గదిలోంచి ‘అత్తయ్యా, వాడు అటు పోతున్నాడు’ అని కేకలు వేయడం మానేయండి. ఒప్పజెప్పాక ఒప్పజెప్పినట్టే ఉండాలి. పిల్లల జాగ్రత్తల వీడియోలు తీసుకెళ్లి ఆవిడకి చూపించడం కూడా వద్దు.

నిద్ర గురించి ఒక్క వాక్యమే రాశారు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బాబు పడుకున్నా మీకు నిద్ర రాకపోవడం, వాడికి ఏదో అయినట్టు కళ్లముందు మెదలడం, మళ్లీ మళ్లీ లేచి ఊపిరి చూసుకోవడం రెండు వారాలకు మించి సాగితే అది ప్రసవం తర్వాత వచ్చే ఆందోళన కావచ్చు. మందు ఉంది, తగ్గుతుంది. మీ గైనకాలజిస్టుకి చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఇంటి గేట్లూ గడియలూ ఎన్ని బిగించినా ఈ భయం వాటితో పోదు.

సంక్రాంతికి ఊరు తప్పకుండా వెళ్లండి, అందరూ కలిసే వెళ్లండి. అక్కడి పెరట్లో నీళ్ల తొట్టి, సంపు మూత, బావి గట్టు, పిండివంటల నూనె మూకుడు, పొలం మందుల డబ్బాలు, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టిన కిరోసిన్ ఉంటాయి. వారం ముందే మీవారు బాబాయిలకి ఫోన్ చేసి వాటి సంగతి చూడమనాలి. ఏది ఎక్కడుందో బాగా తెలిసింది అత్తగారికే కాబట్టి, ఏమేం తీయించాలో ఆ ఫోన్లో ఆవిడనే చెప్పమనండి.